విచారణ గుడి రిజిస్టర్లు



పెనుమూడి దగ్గర కృష్ణకు ఈవల గుంటూరు కతోలిక మేత్రాసనం, ఆవల పులిగడ్డ వైపు విజయవాడ మేత్రాసనం. విజయవాడది 1937లో ఏర్పడింది. గుంటూరు 1940లో నెల్లూరు నుంచి విడివడింది. అంతకు ముందు ఈ సీమలో మిల్‌హిల్ గురువులు పనిచేశారు. ఇది పెద్దల చరిత్ర. మామూలు జనం చరిత్ర విచారణ గుళ్ల రిజిస్టర్లలో ఉంది.

జ్ఞానస్నానపు రిజిస్టరులో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ రాస్తారు. పెండ్లయితే అదే పద్దు పక్కన ఎక్కిస్తారు. పెండ్లి ఏటి అవతల జరిగినా అక్కడి గురువులు ఇక్కడికి తెలియపరచవలసిందే. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు మునసబుగారి పుస్తకంలో ఎక్కని కూలివారి బిడ్డకు ఇదే దాఖలా. సర్వీసు రిజిస్టరుతో బతికిన మనకు పుట్టినతేదీ విలువ ఒకరు చెప్పాలా?

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టింది. కాగితమెంత? ఉప్పెన రాకున్నా చెదలు, చెమ్మ చాలు.

నేను గుమాస్తాగా చేసి, డెబ్బై దాటినవాణ్ణి. నా మనవి ఒక్కటే. విచారణ గురువుల అనుమతి తీసుకొని, వారానికి రెండు గంటలు కూర్చుని పాత రిజిస్టర్లకు నకళ్లు, ఇండెక్సు రాద్దాం. మన మతమేదైనా ఫరవాలేదు, దస్తూరీ కుదురుగా ఉంటే చాలు.

సెలవు.