క్రెడిట్ కార్డు బిల్లు: ఆటో డెబిట్ ఎలా పెట్టుకోవాలి?

క్రెడిట్ కార్డు బిల్లు గడువు దాటిపోకుండా చాలామంది ఆటో డెబిట్ పెట్టుకుంటారు. మంచిదే. అయితే అక్కడ ‘మొత్తం బకాయి’, ‘కనీస బకాయి’ అని రెండు ఎంపికలుంటాయి. తేడా అంతా అక్కడే ఉంది.

బిల్లు 20 వేలు, కనీస బకాయి వెయ్యి అనుకుందాం. వెయ్యే కడితే ఆలస్య రుసుము తప్పుతుంది గానీ వడ్డీ తప్పదు. నెలకు మూడున్నర శాతం చొప్పున చూసినా, మిగిలిన 19 వేలపై నెలకు 665 రూపాయలు. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ అదనం. పైగా పాత బాకీ తీరేదాకా, కొత్తగా కొన్న సరుకులకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

కాబట్టి నెలజీతం వచ్చేవారు మొత్తం బకాయినే ఎంచుకోవాలి. రాబడి నిలకడగా లేనివారు కనీస బకాయి పెట్టుకున్నా, మిగతాది గడువులోపు స్వయంగా కట్టేయాలి.

గడువు నాటికి ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు బౌన్స్ చార్జీ, కార్డు ఆలస్య రుసుము రెండూ పడవచ్చు. జీతం పడ్డాక గడువు వచ్చేలా బిల్లు తేదీని కనీసం ఒకసారి మార్చుకునే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది.

ఆటో డెబిట్ ఉంది కదా అని స్టేట్‌మెంట్ చూడటం మానకండి. మీరు చేయని ఖర్చు కనిపిస్తే వెంటనే బ్యాంకుకు ఫిర్యాదు చేయండి.