పిట్టల పరిచయాలు

ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అనే అడవి ఉంది. గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలను అక్కడ 1947 నుంచి గమనిస్తూనే ఉన్నారు. ఇప్పుడు వాటి కాలికి చిన్న చిప్పున్న కడియం వేస్తున్నారు. పిట్ట వచ్చి వాలగానే మేతపెట్టె దాన్ని గుర్తుపట్టి, వేళతో సహా నమోదు చేసుకుంటుంది. ఏ పిట్ట ఏ పిట్టతో కలిసి వస్తోందో చూస్తే చాలు, స్నేహాల పటం తయారు.

2015లో నేచర్ పత్రికలో వచ్చిన ల్యూసీ ఆప్లిన్ బృందం ప్రయోగం నాకు భలే నచ్చింది. పురుగులున్న ఒక పెట్టెకు జారుడు తలుపు పెట్టారు. ఎడమకు తోసినా, కుడికి తోసినా దొరికేది అదే పురుగు. ఒక్కో గుంపులో రెండేసి పిట్టలకు, ఒకచోట ఎడమ, ఇంకోచోట కుడి నేర్పి వదిలారు. కొద్ది వారాల్లోనే గుంపులో సగటున ముప్పావు వంతు పిట్టలకు ఆ విద్య వచ్చేసింది. అదీ స్నేహాల దారి వెంటే పాకింది! రెండో పద్ధతి తెలిసిన పిట్టలు కూడా ఎక్కువగా తమ గుంపు పద్ధతికే కట్టుబడ్డాయి. గుంపు మారిన పిట్టలు చాలావరకు కొత్తచోటి అలవాటుకు మారిపోయాయి. అచ్చం అత్తారింటికొచ్చిన కొత్తకోడలే!

మరి ఇంటర్నెట్‌లో మనం? 2010లో డేమన్ సెంటోలా ఆన్‌లైన్‌లో ఇలాంటి పరీక్షే చేశారు. దూరపు పరిచయాలు ఎక్కువున్న వలలో కన్నా, ఒకరి స్నేహితులు ఇంకొకరికీ స్నేహితులైన గుంపుల్లోనే కొత్త అలవాటు వేగంగా, ఎక్కువమందికి పాకింది. ఒక్క స్నేహితుడి నుంచి కబురొస్తే కదలనివాళ్లలో కొందరు, రెండో స్నేహితుడి నుంచీ వస్తే కదిలారు.