పరీక్షిత్తు అడిగిన ప్రశ్న

ఈ ఏడు పట్టాలు పుచ్చుకొని స్వామివారి దర్శనమునకు వచ్చిన చిరంజీవులారా!

మీలో ఉద్యోగములు కుదిరినవారిని గురించి నాకు దిగులు లేదు. చదువు ముగిసి, కొలువు దొరకక, మేడ్చల్‌లోనో షామీర్‌పేటలోనో ఇంటిపట్టున ఉన్న బిడ్డలతో నాలుగు మాటలు చెప్పవలెనని నా కోరిక. “ఇప్పుడేం చేస్తున్నావు?” అని చుట్టములు అడుగుదురేమోనని పెండ్లిండ్లకు సైతము రాకుండ దాగుచున్న పిల్లలను మనమందరము చూచుచునే ఉన్నాము.

పరీక్షిన్మహారాజునకు శృంగి శాపము తగిలినది. ఏడు దినములలో తక్షకుని వలన మరణము. ఆయన ఏడ్చుచు కూర్చుండలేదు, శాపము తిప్పించుకొనుటకు తిరుగలేదు. గంగాతీరమున ఆసీనుడై, మరణము ముంగిట నున్న మానవుడు చేయదగిన పని ఏది అని అడిగినాడు. అంతలో శుకయోగి విచ్చేసినాడు. ఆ శుకుడెట్టివాడు? గృహస్థుల వాకిట ఆవు పాలు పిదుకునంత సేపు మించి నిలువనివాడు! అట్టి మహానుభావుడు ఏడు దినములు కదలక కూర్చున్నాడు. రాజని కాదు, అడిగిన ప్రశ్న సరియైనదని.

ఏడు దినములేనా అని రాజు క్రుంగకుండ శుకుడు ఖట్వాంగుని కథ చెప్పినాడు. దేవతల పక్షమున అసురులతో పోరాడిన ఆ రాజును వరము కోరుకొమ్మనగా, నా ఆయువెంత మిగిలినదని అడిగినాడట. ఒక్క ముహూర్తమన్నారు. వెంటనే భూమికి మరలి, ఆ ముహూర్తమంతయు శ్రీహరియందు మనస్సు నిలిపి తరించినాడు.

ముహూర్తమనగా రెండు గడియలు, అనగా 48 నిమిషములు. దినమునకు అట్టివి 30. 2023లో మన మేడ్చల్ నుండి సికింద్రాబాదుకు ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మొదలైనవి గదా! పోయి వచ్చుసరికి ఖట్వాంగునికి దక్కినంత కాలము దాటిపోవును. అంతసేపు మన చూపు ఎక్కడ? ఫోనులో. ఆరు మాసములు ఖాళీ అనుకొన్న బిడ్డ చేతిలో 5,400 ముహూర్తములున్నవి. నిద్రకు మూడవ వంతు తీసివేసినను 3,600. దినమునకు ఒక్కటి స్వామికిమ్మనుట అత్యాశ కాదు. అదియు మధ్యాహ్నము లేచిన పిమ్మట కాదు సుమా!

మిగిలినవాటి మాట. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము షామీర్‌పేటలోనే ఉన్నది. 2008లో బిట్స్ పిలానీ వారు జవహర్‌నగర్‌లో హైదరాబాదు ప్రాంగణము తెరచినారు. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ఉన్నది. 2021 నుండి దేశప్రజలు వేయించుకొన్న టీకాలలో ఒకటైన కొవాగ్జిన్ అక్కడ రూపొందినదే. ఆ గేట్ల ముందు మన పిల్లలు అడుగునది ఒక్కటే: “ఉద్యోగాలున్నాయా?” లేవన్న సమాధానముతో ఇంటికి తిరిగివత్తురు. “ఈ పని చేయువానికి ఏమేమి వచ్చియుండవలెను?” అని అడిగిన బిడ్డకు మాత్రము రేపటి నుండి చేతినిండ పని దొరకును. అడుగుటకు గేటు దాకా పోనక్కరలేదు. అక్కడ పనిచేసి సాయంకాలము మీ వీధిలోనే బస్సు దిగువారున్నారు. ఒకసారి విసుగుకొందురేమో, మరునాడు చెప్పుదురు.

తల్లిదండ్రులారా! ఒకనాడు ద్రాక్షతోటలున్న ఈ నేలలు ప్లాట్లయినవి. పొలమమ్మిన సొమ్ముతో కొడుకునకు కారు కొనిపెట్టి “నీకేమి తక్కువరా, కూర్చో” అనుట ప్రేమ కాదు. ఆ సొమ్మును, ఆ వయస్సును రెంటిని పోగొట్టుటయే. పొద్దస్తమానము ప్రక్కింటివారి అబ్బాయితో పోల్చి దెప్పుటయు అంతే. రాత్రి భోజనమువేళ “ఈ దినము ఎవరిని కలిసినావు నాయనా? ఏమి తెలిసికొన్నావు తల్లీ?” అని అడిగి, చెప్పునది చివరి దాకా వినుడు.

తీర్థప్రసాదములు పుచ్చుకొన్న పిమ్మట, ఉద్యోగములలో ఉన్న పెద్దలు వెంటనే వెడలిపోవద్దు. ఆవు పాలు పిదుకునంత సేపైనను మండపములో ఆగుడు. ఈ బిడ్డలు మిమ్ములను అడుగుదురు.