ఇల్లు ఖాళీ చేసే ముందు

 



గత మాసం మన మొహల్లా పెద్దాయన ఒకరు నా వద్దకు వచ్చారు. ఆయన సతీమణి అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. పిల్లలు దూరప్రాంతాలలో ఉన్నారు. అందుచేత వృద్ధుల ఆశ్రమానికి వెళ్లదలచారు. అక్కడ ఆయనకు ఒక మంచం, ఒక బీరువా. ఇక్కడ నలభై ఏళ్ల సంసారం: రాగి దేగ్చాలు, కుట్టుమిషను, ఇనుప సందూకులు. “మౌలానా సాహెబ్, ఏది ఎవరికివ్వాలో తోచడం లేదు” అన్నారు. ఆయనకు చెప్పిన మాటలే నేడు మీకూ వినిపిస్తున్నాను.

మొదటిది: మనవి కానివాటిని వేరుచేయాలి. 622లో ప్రవక్త (స) మక్కాను విడిచి మదీనాకు వలస వెళ్లినప్పుడు, ప్రజలు తమ వద్ద దాచుకున్న అమానతులను తిరిగి అప్పగించే నిమిత్తం హజ్రత్ అలీ (రజి) గారిని వెనుక ఉంచారు. తమ ప్రాణాలు తీయాలని పన్నాగం పన్నిన ఊరది. అయినా ఆ ఊరివారి సొమ్ము ఊరివారికే చేరింది.

పెద్దాయన సందూకు అడుగున ఒక గుడ్డమూట దొరికింది. అందులో వెండి పట్టీలు, పక్కింటి ఆమె పేరు రాసిన చీటీ ఉన్నాయి. ఆమె హఠాత్తుగా మరణించి ఏళ్లు గడిచాయి. ఆ పట్టీలు కనబడక, ఆ ఇంటివారు కోడలిని అనుమానించారట. అవి ఇల్లు చేరిన రోజున ఆ కోడలు విలపించిందని పెద్దాయన చెప్పారు. సోదరులారా! మన సందూకులలో మరచిపోయిన వస్తువు, మరొకరి మీద నిందగా నిలిచి ఉండవచ్చు.

రెండవది: సంతానం మధ్య న్యాయం. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) గారి తండ్రి తన పిల్లలలో ఆయనకు మాత్రమే కానుక ఇచ్చి సాక్ష్యం కోరగా, తక్కిన పిల్లలకు అలాగే ఇవ్వలేదని తెలిసి ప్రవక్త (స) సాక్షిగా ఉండడానికి నిరాకరించారు. పెళ్లిలో ఇచ్చాం కదా అని కుమార్తెలను పక్కన పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఇచ్చానని నోటితో అంటే చాలదు. వస్తువు వారి చేతికి చేరాలి.

మూడవది: దానం. హజ్రత్ ఆయిషా (రజి) గారి ఇంట ఒక మేకను కోసి, భుజభాగం తప్ప మాంసమంతా పంచిపెట్టారు. పంచినదే నిజంగా మిగిలిందని ప్రవక్త (స) బోధించారు. కనుక పగిలినవాటిని కాదు, పనికివచ్చేవాటిని ఇవ్వండి. పెద్దాయన కుట్టుమిషను ఇప్పుడు ఒక వితంతువు ఇంట తిరుగుతోంది. జీర్ణించిన ఖుర్ఆన్ ప్రతిని శుభ్రమైన వస్త్రంలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టాము. సతీమణి జానమాజును మాత్రం తన వెంట తీసుకువెళ్లారు. జ్ఞాపకాన్ని వదులుకొమ్మని ధర్మం ఎవరినీ కోరదు.

యువకులారా! పెద్దలు ఒక్కో వస్తువును చేతిలోకి తీసుకొని ఆగిపోతే తొందరపెట్టకండి. వారిని అడగకుండా పాతసామాను వాణ్ణి పిలవకండి. ఆయన ఆశ్రమానికి వెళ్లడాన్ని తప్పుపట్టేవారు, ఇన్నాళ్లూ ఆయన తలుపు ఎన్నిసార్లు తట్టారో తమను తాము ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్న నాకూ వర్తిస్తుంది.

మనందరం ఖాళీ చేయవలసిన ఇల్లు ఒకటుంది. ఆనాడు సర్దుకునే వ్యవధి ఉండదు. చేతిలో శక్తి ఉండగానే అప్పులు తీర్చి, అమానతులు అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.