ఎంత అమ్మామని కాదు, ఎంత మిగిలిందని
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో బడికి సైన్సు ప్రయోగశాల సామాను, గ్రంథాలయానికి పుస్తకాలు సమకూర్చాలని మన సంఘం తీర్మానించింది. డబ్బు ఎలా తేవాలన్న దగ్గర మాత్రం రెండు అభిప్రాయాలు వచ్చాయి. నేరుగా చందాలు అడుగుదామని కొందరు, క్యాలెండర్లు, సంచులు, తువ్వాళ్ళు అమ్ముదామని కొందరు అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఫ్యాక్టరీలో ఏ సరుకు ఎంత చేయాలి, ఎప్పుడు చేయాలి అని లెక్క కట్టడమే నా ఉద్యోగం కాబట్టి, ఈ అమ్మకాల సంగతి నన్ను మాట్లాడమన్నారు కార్యదర్శి గారు.

అమ్మకం మనకు కొత్తేమీ కాదు. డిసెంబరు 7 వచ్చిందంటే బళ్ళలో సాయుధ దళాల పతాక దినం జెండాలు పంచేవారు. 1949 నుంచి దేశమంతటా జరుగుతున్న కార్యక్రమం అది. గాంధీ జయంతి వెళ్ళాక టీబీ సీళ్ళు వచ్చేవి. పండుగ ఉత్తరాల మీద అంటించే చిన్న బిళ్ళలమ్మి క్షయరోగుల కోసం డబ్బు కూడబెట్టాలన్న ఆలోచన 1904లో డెన్మార్క్‌లో ఐనార్ హోల్బొల్ అనే తపాలా ఉద్యోగికి వచ్చింది. అది మన దేశానికీ వచ్చి, మన బళ్ళ దాకా చేరింది. ఆ జెండాలు చొక్కా జేబుకు గుచ్చుకుని గర్వంగా తిరిగినవాళ్ళూ ఇక్కడున్నారు. అమ్ముడుపోని వాటి డబ్బు ఇంట్లో అడగలేక, తాయిలాలకిచ్చిన పైసలతో పూడ్చినవాళ్ళూ ఇక్కడే ఉంటారు. ఆ రెండు అనుభవాలనూ గుర్తుపెట్టుకునే మనం ఈ పని మొదలుపెట్టాలి.

ముందు, అసలు అమ్మడం ఎందుకు? లక్ష ఇవ్వగలవాణ్ణి లక్షే అడగవచ్చు కదా? తప్పకుండా అడగాలి. అతనికి తువ్వాలు అమ్మడం వల్ల మనకు తువ్వాలు ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు. కానీ చందా అడిగిన ప్రతిసారీ మనం వెళ్ళేది ఆ పదిమంది దగ్గరికే. మన బడిలో చదివినవాళ్ళలో ఆటో నడుపుతున్నవారున్నారు, మిర్చి యార్డులో పనిచేస్తున్నవారున్నారు, కుట్టుమిషను పెట్టుకున్న అక్కయ్యలున్నారు. చందాల పుస్తకం పట్టుకెళితే యాభయ్యో వందో రాయడానికి వాళ్ళు మొహమాటపడతారు, పై వరుసలో అయిదంకెలు కనిపిస్తుంటాయి కాబట్టి. అదే 70 రూపాయల క్యాలెండరైతే కలెక్టరుకూ అదే ధర, కూలికీ అదే ధర. బడి పేరున్న క్యాలెండరు ఇద్దరి గోడల మీదా ఒకేలా వేలాడుతుంది. యాభై ఏళ్ళ సంఘంలో ఇంతవరకూ మన సభలకు రానివాళ్ళను లోపలికి తెచ్చే దారి ఇది. అమ్మకం వల్ల వచ్చే అసలు లాభం ఇదేనని నా నమ్మకం. అందుకే ఆ అమ్మకం చేతులు కాల్చుకోకుండా, ఎవరినీ నొప్పించకుండా జరగాలి.

ఇలాంటి అమ్మకాలకు ప్రపంచంలో పేరు మోసింది అమెరికా గర్ల్ స్కౌట్ల బిస్కెట్లు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళ ఆడపిల్లలు కూడా ఈ డబ్బాలు అమ్ముతుంటారు. 1917లో ఓక్లహోమా రాష్ట్రంలోని మస్కోగీ అనే ఊళ్ళో ఒక స్కౌట్ దళం పిల్లలు ఇంట్లో బిస్కెట్లు కాల్చి హైస్కూలు ఫలహారశాలలో అమ్మారు. 1922లో స్కౌట్ల పత్రిక ఒక బిస్కెట్ తయారీ విధానం వేసి, దాంతోపాటు లెక్క కూడా వేసింది. ఆరేడు డజన్లకు దినుసుల ఖర్చు 26 నుంచి 36 సెంట్లు, డజను 25, 30 సెంట్లకు అమ్మవచ్చు అని. చూడండి, ఎక్కువ ఖర్చు, తక్కువ ధర పట్టుకున్నా 36 సెంట్లు పెడితే డాలరున్నర వచ్చింది. పొయ్యి ఇంటిది, శ్రమ పిల్లలది, తల్లులది. వాటికి ఖరీదు కట్టలేదు కాబట్టే అంత మిగిలింది. 1930లలో తయారీ బేకరీలకు అప్పగించారు. డబ్బా మీద మిగిలేది తగ్గినా అమ్మకం ఎన్నో రెట్లు పెరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో పంచదార, పిండి, వెన్న దొరకనప్పుడు బిస్కెట్లు మాని క్యాలెండర్లు అమ్మారు. ఏ వస్తువు మీదా మమకారం పెట్టుకోలేదు, ఆ ఏడు ఏది కుదిరితే అది.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. బళ్ళో లాభనష్టాల లెక్కల్లో మామిడిపళ్ళ వ్యాపారి ఎప్పుడూ పళ్ళన్నీ అమ్మేసేవాడు. కొన్నవెల ఇంత, అమ్మినవెల ఇంత, లాభశాతమెంత అని అడిగేవారు. బయటి లోకంలో సరుకంతా ఎప్పుడూ అమ్ముడుపోదు. మిగిలిపోయిన కట్టలు బీరువా మీదికెక్కి కూర్చుంటాయి. ఇలాంటి నిధి సేకరణలు చాలావరకు దెబ్బతినేది అక్కడే.

ఉదాహరణకు ఒక క్యాలెండరు అనుకుందాం. డిజైను, ప్లేట్లు, రవాణా కలిపి 12,000 రూపాయలు. వంద వేసినా వెయ్యి వేసినా ఆ ఖర్చు తప్పదు. దానిపైన ఒక్కో ప్రతికి కాగితం, అచ్చు కలిపి 30 రూపాయలు. అమ్మే ధర 70. ఇవి ఊహకు వేసుకున్న అంకెలే, ప్రెస్సువాళ్ళిచ్చిన అసలు రేట్లు పెట్టి మళ్ళీ కట్టుకోవాలి. ఉత్సాహంగా వెయ్యి కొట్టిస్తే ఖర్చు 42,000. 600 అమ్మితే గాని పెట్టుబడి తిరిగిరాదు. 550 దగ్గర ఆగిపోతే చేతికొచ్చేది 38,500, అంటే 3,500 నష్టం. అదే ముందుగా ఆర్డర్లు తీసుకుని 550 మాత్రమే వేయిస్తే ఖర్చు 28,500. అమ్మకం అదే 38,500. మిగులు 10,000.

కొన్నవాళ్ళు అదే 550 మంది, ధర అదే, క్యాలెండరు అదే. ఒక దారిలో సంఘానికి మూడున్నర వేల లోటు, ఇంకో దారిలో బడికి పదివేల సామాను. మధ్యలో తేడా అల్లా ముందు అడిగామా, ముందు అచ్చేశామా అన్నదే. కాబట్టి మొదటి నియమం: ఆర్డరు ముందు, తయారీ తర్వాత. అడ్వాన్సు రాని ఆర్డరును లెక్కలో వేయకూడదు. "తప్పకుండా తీసుకుంటాను అన్నయ్యా" అన్న మాటలో ప్రేమ ఉంటుందిగాని, దాన్ని నమ్ముకుని ప్రెస్సుకు వెళ్ళలేం.

రెండో నియమం: మన బడి అనేది లేకపోయినా జనం కొనుక్కునే వస్తువునే అమ్మాలి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం ఉన్న క్యాలెండరు లేని తెలుగు ఇల్లు అరుదు. ఎలాగూ కొనేదే, బడిది కొంటారు. జూన్‌లో బళ్ళు తెరిచేటప్పుడు నోటు పుస్తకాలు కూడా అలాంటివే. బడి బొమ్మ వేసిన ప్లాస్టిక్ జ్ఞాపికలు, కప్పులు మొదటిసారి అభిమానంతో తీసుకుంటారు. రెండో ఏడు మనల్ని చూసి పక్క సందులోకి తప్పుకుంటారు. వచ్చే ఏడు కూడా ఆ గుమ్మంలోకి వెళ్ళాలి కదా మనం!

వస్తువు ఆయుష్షు కూడా చూసుకోవాలి. మట్టి వినాయకుణ్ణి చవితి మర్నాడు ఎవరూ కొనరు. క్యాలెండరు ఫిబ్రవరి దాటితే చిత్తు కాగితం. తువ్వాలు, సంచి అలా కాదు, మిగిలినా మరో సభలో అమ్ముకోవచ్చు. మన జిల్లాలోనే మంగళగిరి నేత ఉంది. చేనేత సహకార సంఘం నుంచి తువ్వాళ్ళు, సంచి గుడ్డ తీసుకుంటే బడికీ నాలుగు డబ్బులు, మగ్గానికీ పని. సంచులు కుట్టేది మన అక్కయ్యలే కావచ్చు. అయితే నేతగాడి దగ్గర గీసి గీసి బేరమాడి ఆ డబ్బును సేవ అనుకోవడం నాకు సమ్మతం కాదు. మన మిగులు మన శ్రమలోంచి రావాలిగాని ఆయన కూలిలోంచి కాదు.

గోంగూర పచ్చడి, ఆవకాయ అమ్ముదామని కూడా సూచన వచ్చింది. గుంటూరువాళ్ళం, రాకుండా ఎలా ఉంటుంది! కానీ తినే వస్తువు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి. సీసా మీద తయారీ తేదీ, బరువు, ధర, తయారుచేసినవారి చిరునామా ఉండాలి. నమోదు ఉన్నవాళ్ళ దగ్గర కొని అమ్మడం మేలు. ఒక్క సీసాకు బూజు పట్టినా పోయేది బడి పేరు.

మూడో నియమం పిల్లల గురించి. దీని మీద నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. ఏ పిల్లవాడికీ ఇన్ని అమ్మాలన్న కోటా పెట్టకూడదు. ఎవరెన్ని అమ్మారో అసెంబ్లీలో చదవకూడదు. ఎక్కువ అమ్మినవాడికి బహుమతి ఇస్తే అది అతని తెలివికి కాదు, వాళ్ళ నాన్నకున్న పరిచయాలకు ఇచ్చినట్టు. తండ్రి ఏ ఆఫీసులో పనిచేస్తాడో, తల్లి ఎవరింట్లో పనిచేస్తుందో అమ్మకాల పట్టికలో అచ్చంగా కనబడిపోతుంది. పిల్లల చేతికి డబ్బు ఇవ్వకూడదు, ఇల్లిల్లూ తిప్పకూడదు. మాస్టార్ల మీద కూడా ఈ బరువు పెట్టకూడదు. పాఠం చెప్పే మనిషి వసూళ్ళ లెక్క చూసుకుంటూ కూర్చుంటే ప్రయోగశాలకు సామాను వచ్చి ఏం లాభం?

అలాగని పిల్లల్ని దూరంగా పెట్టమనడం లేదు. పన్నెండు నెలలకు పన్నెండు బొమ్మలు వాళ్ళే వేస్తారు. ఇందాక నేను చెప్పిన లెక్క తొమ్మిదో తరగతి పిల్లలు నల్లబల్ల మీద కట్టి, ఎన్ని వేయించాలో మనకే చెబుతారు. మూడు ప్రెస్సుల కొటేషన్లు పక్కపక్కన పెట్టి పోలుస్తారు. వార్షికోత్సవం నాడు పెద్దల పక్కన నిలబడి స్టాలు నడుపుతారు. గర్ల్ స్కౌట్లు తమ పిల్లలకు నేర్పుతామని చెప్పుకునే అయిదు విద్యల్లో లక్ష్యం పెట్టుకోవడం, నిర్ణయం తీసుకోవడం, డబ్బు లెక్క, మనుషులతో మెలగడంతోపాటు వ్యాపారంలో నిజాయితీ కూడా ఉంది. అమ్మకం వల్ల పిల్లలకు అందాల్సింది అదీ.

నాలుగోది లెక్క చూపడం. డబ్బంతా సంఘం బ్యాంకు ఖాతాలోకే రావాలి, ఒకరి సొంత ఫోను నంబరుకు కాదు. ఖాతా నడిపేవారు ఒకరు, సరుకు చూసుకునేవారు వేరొకరు ఉండాలి. అమ్మకం ముగిసిన పదిహేను రోజుల్లో ఒక్క పేజీ కాగితం బడి నోటీసు బోర్డు మీద, ప్రతి బ్యాచి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి: ఎన్ని వేశాం, ఎన్ని అమ్మాం, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, దానితో ఏం కొన్నాం. "అరవై వేల అమ్మకం" అని మైకులో చెప్పి ఊరుకుంటే జనం మొత్తం బడికే వెళ్ళిందనుకుంటారు. మిగిలింది ఇరవయ్యే అని తర్వాత తెలిస్తే, తక్కిన నలభై ఎవరు తిన్నారని అడుగుతారు. అలా అడగడంలో వాళ్ళ తప్పేమీ లేదు, చెప్పకపోవడం మన తప్పవుతుంది.

రెండు చట్టం మాటలు చెప్పి ముగిస్తాను. కొన్న వస్తువు ధర చందా కిందికి రాదు కాబట్టి దానికి ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు ఇవ్వకూడదు. చందాల పుస్తకం వేరు, అమ్మకాల పుస్తకం వేరు. అమ్మకం మీద పన్ను సంగతి ముందే ఆడిటరు గారిని అడగాలి. ఇక విదేశాల్లో ఉన్న మిత్రుల సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే చందా విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదో ముందస్తు అనుమతో లేకుండా సంఘం దాన్ని తీసుకోకూడదు. ప్రేమతో పంపినదే అయినా చిక్కు చిక్కే.

నా ప్రతిపాదన ఇది. ఈ ఏడు ఒక్క వస్తువే అమ్ముదాం, అది క్యాలెండరు. దసరాకు ఆర్డర్లు మొదలుపెట్టి దీపావళికి ఆపేద్దాం. ప్రతి పదో తరగతి బ్యాచికీ ఒకరు బాధ్యత తీసుకోవాలి. పంచాంగం లెక్క తెలిసిన సిద్ధాంతి గారి చేత తిథులు సరిచూపించాలి, పండుగ తేదీ తప్పుపడితే ఏడాది పొడుగునా గోడ మీద తిట్లు తింటాం. డిసెంబరు రెండో వారానికి క్యాలెండర్లు చేతికి రావాలి.

బయట వరండాలో బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. ఈ రోజు డబ్బు ఇవ్వనక్కర్లేదు. పేరు, బ్యాచి, ఎన్ని కావాలో రాసి వెళ్ళండి. అడ్వాన్సు దసరాకు అడుగుతాం. దీపావళి నాటికి అడ్వాన్సు కట్టిన ఆర్డర్లు 300 దాటకపోతే, నేను వేసిన లెక్క ప్రకారం బడికి పైసా మిగలదు. అప్పుడు క్యాలెండరు వద్దని, కట్టినవాళ్ళ డబ్బు వాళ్ళకు తిరిగి ఇచ్చేయమని మొదట చెప్పేది నేనే. దాటితే, వచ్చే ఏడు ఈ సభలో నోటీసు బోర్డు మీది ఆ ఒక్క పేజీ చదివే పని మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలకు ఇవ్వండి.