మల్టీమీటరు కొనేముందు
(కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల మిల్లు కార్మికుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన కూటంలో కూలి రేట్ల సంగతి, బదిలీ కార్మికుల సంగతి మాట్లాడుకున్నాక చివర్లో ఒక తమ్ముడు లేచి, "అన్నా, ఇంటికీ బండికీ పనికొచ్చేలా కరెంటు మీటరు కొనాలనుకుంటున్నాను, ఏది కొనేది?" అని అడిగాడు. కొందరు నవ్వారు. యూనియన్ కూటంలో ఇదేం ప్రశ్న అనుకున్నారు. మేము నవ్వలేదు. ఎందుకో ముందు చెబుతాము.

మనతో పనిచేసే ఒకాయన, ఊరూ పేరూ వద్దు, మూడు వందలు పెట్టి బజారులో ఒక మీటరు కొన్నాడు. ఉదయం తన మోటారు సైకిల్ బ్యాటరీ ఊరికే దిగిపోతున్నదేమని చూశాడు. కరెంటు కొలవాలంటే ఎర్ర వైరును పది ఆంపియర్ల రంధ్రంలో పెట్టాలి, పెట్టాడు. సాయంత్రం ఇంట్లో ప్లగ్గులో ఓల్టేజీ చూడబోయాడు. నాబును ఓల్టుల వైపు తిప్పాడు గాని, ఎర్ర వైరును ఆ రంధ్రంలోంచి తీయడం మరిచాడు. ప్లగ్గులోని ఫేజునూ న్యూట్రలునూ లావుపాటి రాగి తీగతో కలిపినట్టయింది. మీటరు చేతిలోనే పేలింది. అరచెయ్యి కాలింది. బదిలీ కార్మికుడు కాబట్టి పదకొండు రోజుల కూలి పోయింది.

తప్పు ఆయనదే అని తేల్చేయవచ్చు. కాని ఆ మీటరు మొహం మీద, పది ఆంపియర్ల రంధ్రం పక్కనే, "ఫ్యూజు లేదు" అని ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాల్లో అచ్చువేసి ఉంది. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి మరిచిపోతాడు. మనిషి మరిచినా ప్రాణం మీదికి రాకుండా చూసేదే మంచి మీటరు. కాబట్టి కొట్టుకు వెళ్ళి, "ఎన్ని రకాలు కొలుస్తుంది?" అని మొదట అడగకండి. "పది ఆంపియర్లకు ఫ్యూజు ఉందా?" అని అడగండి. ఉందంటే, ఏ ఫ్యూజు? గాజు గొట్టంలో సన్నని తీగ కనబడేది ఒకటి. పింగాణీ గొట్టంలో ఇసుక నింపి, తీగ కనబడకుండా ఉండేది ఇంకొకటి. పెద్ద షార్టు అయినప్పుడు గాజుది తానే పగిలి నిప్పురవ్వలు చిమ్మవచ్చు. పింగాణీ దానిలోని ఇసుక ఆ నిప్పును లోపలే ఆర్పేస్తుంది. ఇంటి కరెంటు దగ్గరికి వెళ్ళే మీటరులో పింగాణీదే ఉండాలి. అది కాలిపోతే సిగరెట్టు పెట్టెలోని రేకు చుట్టి నడిపే అలవాటు మనవాళ్ళలో ఉంది. దయచేసి మానండి.

రెండోది. మంచి మీటరు మొహం మీద, వైర్లు గుచ్చే చోట సి, ఎ, టి అని మూడు ఇంగ్లీషు అక్షరాలూ, పక్కన రోమను అంకే, దాని పక్కన ఓల్టులూ ఉంటాయి. క్యాట్ రెండు అంటే ప్లగ్గులో పెట్టి వాడే సామాను వరకు. క్యాట్ మూడు అంటే ఇంటి మెయిను బోర్డు, గోడలోని వైరింగు, స్థిరంగా బిగించిన మోటారు. క్యాట్ నాలుగు అంటే వీధి కంబం నుంచి వచ్చే సర్వీసు వైరు, కరెంటు బిల్లు మీటరు. ఎందుకీ తేడా? ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరయ్యే కొద్దీ షార్టు అయితే వచ్చే కరెంటు పెరుగుతుంది. ఐప్పసి నెల ఉరుములకు లైనులో ఒక్క క్షణం వేల ఓల్టులు ఎగిరిపడతాయి. అప్పుడు మీటరు తట్టుకోవాలి, దాన్ని పట్టుకున్న చెయ్యి నిలవాలి. నూలు కౌంటు చూడకుండా చేతికందిన నంబరు ట్రావెలరు వేస్తే ఏమవుతుందో రింగ్ ఫ్రేము దగ్గర పనిచేసేవారికి మేము చెప్పనక్కర లేదు. ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ తెగేది దారం కాదు.

మన ఇళ్ళకు క్యాట్ మూడు, మూడు వందల ఓల్టులు కనీసం. ఆరు వందలు అయితే ఇంకా మేలు. ఆ గుర్తు మీటరు మీదే కాదు, ఎర్ర, నల్ల వైర్ల కడ్డీల మీద కూడా ఉండాలి. మీటరు మంచిదై వైర్లు నాసివైతే లాభం లేదు. ఊరికే గుర్తు అచ్చువేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. క్యాట్ మూడు అని రాసి, వెనక మూత విప్పితే చిటికెన వేలంత గాజు ఫ్యూజు కనబడితే ఆ రాత అబద్ధమనే అనుకోండి.

ఇంతకీ మీటరుతో మనకేం పని? పూర్వం ఒక నియాన్ టెస్టరుతో సరిపోయేది. 2012 ప్రాంతంలో రోజుకు పది పన్నెండు గంటలు కరెంటు పోయిన కాలం మీకు గుర్తుంది. అప్పుడే అప్పుచేసి అయినా చాలామంది ఇన్వర్టరు పెట్టుకున్నారు. బండ్లూ మారాయి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త రెండు చక్రాల బండ్లకు పగలైనా హెడ్‌లైటు ఆరదు. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. ఆరు వచ్చాక పెట్రోలును ఇంజనులోకి పంపేది కూడా కరెంటే అయింది. బ్యాటరీ చచ్చిపోతే ఎంత కిక్కు కొట్టినా కదలని బండ్లున్నాయి. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి సుమారు యాభై కిలోమీటర్లు. అర్ధరాత్రి షిఫ్టు దిగి వస్తూ సాత్తూరు దగ్గర బండి ఆగిపోతే తెల్లవారేదాకా రోడ్డు పక్కనే.

ఆ బ్యాటరీని చూసేందుకు ఖరీదైన మీటరు అక్కరలేదు. రాత్రంతా బండి నిలిపి ఉంచి పొద్దున చూడండి. 12.6 ఓల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువంటే ఖాళీ. ఇంజను నడుస్తూ కాస్త రేజు చేసినప్పుడు 13.8 నుంచి 14.5 లోపల ఉండాలి. అక్కడే 12.5 దగ్గర నిలిచిపోతే బ్యాటరీ మార్చి లాభం లేదు, చార్జింగు వైపు చూడాలి. ఈ ఒక్క సంగతి తెలియక మంచి బ్యాటరీ పారేసి కొత్తది కొన్నవాళ్ళు ఈ కూటంలోనే ఉన్నారు, చేతులెత్తమని అడగము. లీకు చూసేటప్పుడు మీటరును బ్యాటరీ మైనసు వైరులో వరసగా కలిపాక సెల్ఫ్ స్టార్టు నొక్కకండి. ఆ కరెంటుకు పది ఆంపియర్ల మీటరు చాలదు. పని కాగానే ఎర్ర వైరు తిరిగి ఓల్టుల రంధ్రంలోకి రావాలి.

కరెంటు స్కూటర్లు ఉన్నవారికి ఒక మాట. బండి బ్యాటరీ అంటే పన్నెండు ఓల్టులేగా అనుకోకండి. డెబ్బై రెండు ఓల్టుల లిథియం బ్యాటరీ నిండితే ఎనభై నాలుగు దాకా వస్తుంది. అది డి.సి., మంట లేస్తే తొందరగా తెగదు. దాని మూత మీరు విప్పకండి.

ఇక ఇల్లు. అక్కలు ఎక్కువగా చెప్పేది ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నదని. చాలాసార్లు తప్పు కండెన్సరుది. దాని మీద 2.5 అనో 3.15 అనో మైక్రోఫారడ్లు రాసి ఉంటుంది. అది కొలిచే వసతి మీటరులో ఉంటే మెయిను ఆపి, కండెన్సరు విప్పి, రెండు కొసలూ ఒక రెసిస్టరుతోనో బల్బుతోనో కలిపి లోపలి కరెంటు పోగొట్టి చూడండి. రెండున్నర ఉండవలసినది ఒకటిన్నర చూపితే కొత్తది వేయండి. ఈ ఒక్క వసతికి వంద, రెండు వందలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ట్రూ ఆర్.ఎం.ఎస్. అనే మాట కొట్టువాళ్ళు చెబుతారు. మీ ఇన్వర్టరు చవక రకం, స్క్వేర్ వేవ్‌ది అయితే మామూలు మీటరు దాని ఓల్టేజీని తప్పు చూపుతుంది. అసలు 230 ఉన్నచోట 255 చూపవచ్చు. అది చూసి భయపడి ఇన్వర్టరును రిపేరుకు మోసుకుపోయేవాళ్ళున్నారు. ఇన్వర్టరు పని చేయనివారికి దానితో పెద్ద అవసరం లేదు.

డిజిటల్ మీటరు ఇంకొక చిత్రం చేస్తుంది. ఎక్కడా కలవని వైరులో కూడా పక్క వైరు ప్రభావంతో అరవై, ఎనభై ఓల్టులు చూపుతుంది. అది దయ్యపు ఓల్టేజీ. తిరగబడి, ఎర్తు బాగుందని అబద్ధం కూడా చెబుతుంది. మన కరిసల్ నేల ఎండాకాలంలో నెర్రెలు విచ్చి ఎర్తు గుంత ఎండిపోయినా, ఫేజుకూ ఎర్తుకూ మధ్య మీటరు 230 చూపుతూనే ఉంటుంది, ఎందుకంటే అది లాగే కరెంటు దాదాపు ఏమీ లేదు. ఎర్తు సంగతి మీటరును నమ్మకండి, లైసెన్సున్న వైర్‌మ్యాన్‌ను పిలవండి.

మన ముందు తరంవాళ్ళు ఏ మీటరునైనా ఏవో మీటరు అనేవారు. ఆంపియర్, ఓల్టు, ఓం, మూడింటి మొదటి అక్షరాలు. మూడు మీటర్లు మోసుకు తిరగలేక బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డొనాల్డ్ మెకేడీ దాన్ని తయారుచేశాడు, 1923లో అమ్మకానికి వచ్చింది. బరువు మోసే ఉద్యోగి ఆలోచించి చేసిన వస్తువు కాబట్టి మాకు దాని మీద కొంచెం అభిమానం.

ఇప్పుడు అసలు సంగతి. మీ చేతిలో మీటరు ఉందని తెలిస్తే, ఎలక్ట్రీషియను రాని రాత్రి మేస్త్రీ వచ్చి, "నీకు తెలుసుగా, ఆ ప్యానెలు కాస్త చూడు" అంటాడు. అక్కడ ఉన్నది ఇంటి 230 కాదు, మూడు ఫేజుల 415. షార్టు అయితే వచ్చే నిప్పు మొహం కాల్చేస్తుంది. ఇంటి మీటరుతో మిల్లు ప్యానెలు తెరవకండి. లైసెన్సు లేని మనిషితో ఆ పని చేయించే హక్కు మేస్త్రీకి లేదు. "మాట వినలేదు" అని మెమో ఇస్తే తీసుకుని నేరుగా యూనియన్ ఆఫీసుకు రండి. దానికి జవాబు మేము రాస్తాము.

ధర సంగతి. మూడు వందల మీటరుతో బండి బ్యాటరీ చూసుకోండి, తప్పులేదు. ప్లగ్గు దగ్గరికి, బోర్డు దగ్గరికి మాత్రం తీసుకుపోవద్దు. అందుకు పనికొచ్చేదానికి వెయ్యికి పైగా అవుతుంది. అందరూ కొనలేరు. అందుకే ఆఫీసుకు మంచిది ఒకటి కొంటున్నాము. పుస్తకంలో సంతకం పెట్టి తీసుకువెళ్ళి మర్నాడు తిరిగి ఇవ్వాలి. వచ్చే ఆదివారం మీ ఇళ్ళలోని పాత మీటర్లు తెచ్చుకోండి. మూతలు విప్పి ఫ్యూజులు చూద్దాం. స్క్రూడ్రైవర్లు మేము తెస్తాము.