ఎండాకాలం చివర పుట్టి వేట

కడప జిల్లాకు సముద్రం లేదు. పడవ వేట మాత్రం ఉంది. జమ్మలమడుగు దగ్గర పెన్నా మీద మైలవరం, దానికి ఎగువన 26.85 టీఎంసీల గండికోట, పులివెందుల వైపు పార్నపల్లి దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. అక్కడి జాలర్లకు ఇవే దిక్కు.

పడవంటే పుట్టి. వెదురు దబ్బలతో గుండ్రంగా అల్లి, అడుగున పట్ట కప్పి, నీరు చొరకుండా తారు పూస్తారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు వేయడం చేతగానివాడు కూర్చుంటే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. పనయ్యాక ఒక్క మనిషే దాన్ని నెత్తిన బోర్లించుకుని ఒడ్డెక్కగలడు.

ఏప్రిల్, మే నెలల్లో నీటిమట్టం తగ్గేకొద్దీ చేపలు లోతు మడుగుల్లోకి చేరతాయి. పొద్దుగూకే వేళ వల కట్టి, తెల్లవారుజామున తీస్తారు. పైన బెండ్లు, కింద బరువులు ఉండబట్టి వల నీళ్లలో నిటారుగా నిలుస్తుంది. తల దూర్చిన బొచ్చె చేప ముందుకు పోలేదు. వెనక్కి రాబోతే దారం మొప్పలకు తగులుకుంటుంది. చిన్న చేపపిల్లలు వల కంతల్లోంచి జారిపోతాయి. అందుకే వల కన్ను ఎంతన్నదే అసలు లెక్క.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు సాధారణంగా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు పారే నీరు కావాలి. ఆ లోటు తీర్చడానికే మత్స్యశాఖ జలాశయాల్లో చేపపిల్లల్ని వదులుతుంది.

తూర్పు తీరంలో మరపడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పుట్టికి ఆ తేదీలతో పని లేదు. అలాగని ఎప్పుడూ తాజా చేపే దొరుకుతుందని కాదు. ప్రొద్దుటూరులో చేపలు కొనే తెలిసినవాళ్లు డ్యాం చేపైనా సరే, మొప్ప ఎత్తి ఎరుపు చూశాకే బేరానికి దిగుతారు.